ఆ 14 రోజులు ఎవరికి?

వాక్యంలోని మాటలన్నీ తెలిసినంత మాత్రాన వాక్యం తెలిసినట్టు కాదు. ఈ సంగతి నాకు ఆలస్యంగా బోధపడింది. బోధపడేలోపు, నన్ను నమ్మిన ఒక కుర్రాడికి సగం నెల జీతం పోయింది. ఇంగ్లిష్‌లో సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ సెంటెన్సులు గుర్తుపట్టడం పదో తరగతి బిట్టు పేపరుతో తీరిపోయే పని అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. గల్ఫ్‌కు బయలుదేరుతున్నవాళ్లకూ, వాళ్ల కాగితాలు చదివిపెట్టే నాలాంటివాళ్లకూ పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక టైపింగ్ సెంటర్‌లో పనిచేస్తాను. వీసా దరఖాస్తులు, ఎమిరేట్స్ ఐడీ రెన్యువల్, కంపెనీలకు రాసే ఉత్తరాలు, రాజీనామాలు, కార్మిక శాఖకు ఫిర్యాదులు, ఇవీ మా పనులు. సాయంత్రాలూ ఆదివారాలూ క్యాంపుల నుంచి మనవాళ్లు వస్తారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు వాళ్లు ఎక్కువ. కడప, కోనసీమ వాళ్లూ ఉంటారు. మాది పశ్చిమ గోదావరి కాబట్టి తెలంగాణ కుర్రాళ్లు నన్ను ‘ఆంధ్రా అన్న’ అంటారు. టైపు చేసే పని ఎంతుంటుందో చదివి చెప్పే పని అంతకు రెట్టింపు ఉంటుంది. “అన్నా, ఇండ్ల ఏం రాసిండ్రు?” అని కాగితం నా ముందు పెడతారు. నేను చదివి చెబుతాను. ఆ చదవడంలోనే తప్పు చేశాను.

ఆ కుర్రాడిది జగిత్యాల దగ్గర పల్లెటూరు. ఐటీఐ చేసి ఏసీ టెక్నీషియన్‌గా వచ్చాడు. ఇంకా ప్రొబేషన్ పూర్తి కాలేదు. అబుదాబిలో వేరే కంపెనీ ఎక్కువ జీతం ఇస్తామంది. ఉన్న కంపెనీకి ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలో కనుక్కుందామని వచ్చాడు. అతని చేతిలో కంపెనీ ఇచ్చిన షరతుల కాగితం ఉంది. ప్రొబేషన్ అన్న శీర్షిక కింద నాలుగైదు పేరాలు. నా కన్ను తిన్నగా వెళ్లి ‘ఫోర్టీన్ డేస్’ దగ్గర ఆగింది. చుట్టుపక్కల ‘ఎంప్లాయీ’ ఉంది, ‘షల్ గివ్’ ఉంది, ‘నోటీస్’ ఉంది. సరిపోయింది అనుకున్నాను. “14 రోజులు చాలు తమ్ముడూ” అని చెప్పి, రాజీనామా టైపు చేసి, ఆఖరి పనిదినం తేదీ కూడా వేసి ప్రింటు చేతిలో పెట్టాను. అతను ఆ తేదీని నమ్ముకుని కొత్త కంపెనీకి జాయినింగ్ చెప్పేశాడు.

పాత కంపెనీ నెల రోజులు లెక్క కట్టింది. 14 రోజులు పోగా మిగిలిన నోటీసు రోజులకు జీతం చివరి లెక్కలో కోసుకుంది. చట్టం ప్రకారం అది తప్పు కాదు. తప్పు నాది. కుర్రాడు మళ్లీ వచ్చాడు. “అన్నా, నువ్వే సదివినవ్ గదా” అన్నాడు. కోపం చేయలేదు. ఊళ్లో వీసా కోసం తెచ్చిన అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీ మీద నడుస్తోందని నాకు తెలుసు. టైపింగ్ డబ్బులు వెనక్కిచ్చి, పోయిన జీతంలో కొంత నేను సర్దాను. దాంతో లెక్క కొంత తేలిక పడింది. నా చదువు మీద నాకున్న నమ్మకం మాత్రం కుదేలైంది.

ఆ కాగితాన్ని ముందు పెట్టుకుని మళ్లీ చదివాను, ఈసారి వాక్యం వాక్యంగా. అందులోని షరతులు కంపెనీ కల్పించినవి కావు. ఎమిరేట్స్‌లో ప్రైవేటు ఉద్యోగాలకు వర్తించే 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం నుంచి తీసుకున్నవి. 1980 నాటి పాత కార్మిక చట్టం స్థానంలో అది 2022 ఫిబ్రవరి 2న అమల్లోకి వచ్చింది. అందులో 9వ ఆర్టికల్ ప్రొబేషన్ గురించి చెబుతుంది. ప్రొబేషన్ 6 నెలలు మించకూడదు. ఆ కాలంలో యజమాని ఉద్యోగిని తీసేయాలంటే 14 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఉద్యోగి ఈ దేశంలోనే ఇంకో యజమాని దగ్గరికి వెళ్లాలనుకుంటే నెల రోజుల ముందు చెప్పాలి. దేశమే వదిలి వెళ్లిపోవాలనుకుంటే 14 రోజుల ముందు చెప్పాలి. ఈ పద్ధతి తప్పి ఎవరు ఒప్పందం తెంచుకున్నా, మిగిలిన నోటీసు కాలానికి జీతమంత సొమ్ము ఎదుటివారికి కట్టాలి. అంటే 14 అన్న అంకె రెండుచోట్ల ఉంది. ఒకటి యజమానిది, ఒకటి ఇంటికి వెళ్లిపోయేవాడిది. అబుదాబికి వెళ్లే మా కుర్రాడిది రెండూ కాదు.

నేను చదివిన పేరాలో వాక్యం దాదాపు ఇలా ఉంది. ముందు, ‘వేర్ ఎ ఫారిన్ ఎంప్లాయీ విషెస్ టు ఎండ్ ద కాంట్రాక్ట్ ఇన్ ఆర్డర్ టు లీవ్ ద స్టేట్’. తర్వాత, ‘హీ షల్ గివ్ నాట్ లెస్ దాన్ ఫోర్టీన్ డేస్ నోటీస్’. అక్కడితో ఆగలేదు. ‘అండ్’ అని ఇంకో వాక్యం తగులుకుంది: అతను తిరిగొచ్చి మూడు నెలల్లోపు కొత్త వర్క్ పర్మిట్ తీసుకుంటే, కొత్త యజమాని పాత యజమానికి నియామకపు ఖర్చులు చెల్లించాలి. చివర్లో ‘అన్‌లెస్ అదర్‌వైజ్ అగ్రీడ్’, అంటే వేరే ఒప్పందం ఉంటే తప్ప.

బడిలో అడిగితే దీన్ని కాంపౌండ్ కాంప్లెక్స్ సెంటెన్స్ అని చెప్పేవాణ్ణి, మార్కు కూడా వచ్చేది. ఇందులో సొంతంగా నిలబడగల ప్రధాన వాక్యాలు రెండు: ఉద్యోగి నోటీసు ఇవ్వాలి, కొత్త యజమాని ఖర్చులు చెల్లించాలి. వాటిని ‘అండ్’ కలిపింది. మొదటిదానికి ‘వేర్’తో మొదలైన ఉపవాక్యం షరతు. రెండోదానికి ‘ఇఫ్’ ఉపవాక్యం షరతు, ‘అన్‌లెస్’ మినహాయింపు. 14 రోజులు మొదటి ప్రధాన వాక్యంలో ఉన్నాయి. ఆ ప్రధాన వాక్యం తలుపు తెరవాలంటే తాళంచెవి ‘వేర్’ ఉపవాక్యంలో ఉంది. దేశం వదలని మా కుర్రాడి చేతిలో ఆ తాళంచెవి లేదు. నేను అంకె చూశాను, క్రియ చూశాను, షరతు చూడలేదు.

ఎందుకు చూడలేదు? ‘వేర్’ అంటే ‘ఎక్కడ’ అని చిన్నప్పుడు నేర్చుకున్నాం. చట్టం రాసేవాళ్లు దాన్ని ‘ఫలానా సందర్భంలో’ అనే అర్థంలో వాడతారు. అది షరతుకు ద్వారం అని నాకు తట్టలేదు. ‘ద స్టేట్’ అన్న మాట కూడా అంతే. ఇక్కడి కాగితాల్లో దాని అర్థం యావత్తు యూఏఈ. షార్జా దాటి అబుదాబికి వెళ్లడం స్టేట్ వదిలినట్టు కాదు.

కానీ అసలు కారణం ఇంకా లోతున ఉంది. మన భాషలో షరతు క్రియకే అతుక్కుని ఉంటుంది. ‘దేశం వదిలి వెళితే’ అన్నామనుకోండి, ఆ ‘తే’ చెవిన పడగానే వాక్యం పూర్తి కాలేదని పసిపిల్లలకు కూడా తెలుసు. వినేవాడు తర్వాతి మాట కోసం ఆగుతాడు. బళ్లో మాస్టారు దీన్నే చేదర్థకం అన్నారు. ‘వచ్చి’ క్త్వార్థకం, ‘వస్తూ’ శత్రర్థకం, ‘వచ్చినా’ అప్యర్థకం. వీటిలో ఏ అసమాపక క్రియ దగ్గరా తెలుగు వాక్యం ముగియదు. ముగించే సమాపక క్రియ చివర్లో వస్తుంది. కాబట్టి మనవాళ్లు చివరిదాకా విన్నాకే అర్థం తేల్చుకుంటారు.

ఇంగ్లిష్‌లో ఆ కాపలా లేదు. ‘షల్ గివ్ ఫోర్టీన్ డేస్ నోటీస్’ అన్నచోట కర్త, క్రియ, కర్మ అన్నీ వచ్చేశాయి. మన చెవికి అక్కడ వాక్యం ముగిసిపోయినట్టే. షరతు దానికి ముందో వెనకో ఒక విడిమాట వెంట వస్తుంది. ఇఫ్, అన్‌లెస్, వేర్, ప్రొవైడెడ్ దట్, ఎక్సెప్ట్, అంటిల్. క్రియ రూపం మారదు కాబట్టి కంటికి ఏ హెచ్చరికా అందదు. తెలుగులో క్రియ చివరన మోసే బరువంతా ఇంగ్లిష్‌లో ఆ చిన్నమాట మోస్తుంది. తొందరలో మనం వదిలేసేది సరిగ్గా ఆ చిన్నమాటనే.

చేకూరి రామారావు గారి ‘తెలుగు వాక్యం’ 1975లో వచ్చింది. మన వాక్యాలు ఒకదానిలో ఒకటి ఎలా ఒదుగుతాయో శాస్త్రీయంగా చూపిన పుస్తకం అది. ఆ తరహా చూపు నాకు బడిలో అలవాటై ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకంలో అభ్యాసాలన్నీ చేసినవాణ్ణే నేను. సింపుల్‌ను కాంప్లెక్స్‌గా మార్చమంటే మార్చేవాణ్ణి. నౌన్ క్లాజ్, అడ్జెక్టివ్ క్లాజ్, అడ్వర్బ్ క్లాజ్ కింద గీతలు గీసేవాణ్ణి. పేర్లు పెట్టడం నేర్చుకున్నాను గానీ, ఆ క్లాజు ఎవరి మీద పనిచేస్తోంది, అది లేకపోతే ఏమవుతుంది అని అడగడం నేర్చుకోలేదు.

ఆ తర్వాత నా బల్ల మీదకు వచ్చిన ప్రతి కాగితాన్నీ ఆ ప్రశ్నతోనే చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ మనవాళ్ల డబ్బు ఎక్కడెక్కడ ఉపవాక్యాల్లో దాగి ఉందో కనిపించింది.

గ్రాట్యుటీ తీసుకోండి. అదే కార్మిక చట్టంలోని 51వ ఆర్టికల్ ప్రకారం ఏడాది లేదా అంతకుమించి ఎడతెగకుండా పనిచేసిన విదేశీ ఉద్యోగికి సర్వీసు ముగిశాక గ్రాట్యుటీ వస్తుంది. మొదటి 5 ఏళ్లలో ఏడాదికి 21 రోజుల జీతం, ఆ పైన ఏడాదికి 30 రోజుల జీతం, మొత్తం మీద రెండేళ్ల జీతానికి మించకుండా. ఇంగ్లిష్‌లో ‘ఎంప్లాయీ’ పక్కన ‘హూ’ అంటూ ఒక ఉపవాక్యం ఉంటుంది, ఏడాది పూర్తిచేసిన వాడు అని. దాన్ని అలంకారంగా తీసుకుని చదివితే ఉద్యోగులందరికీ గ్రాట్యుటీ ఉన్నట్టు తోస్తుంది. అది జల్లెడ. పదకొండు నెలలకే మానేసినవాడు ఆ జల్లెడలోంచి కిందకు జారిపోతాడు. ఇంకో ముక్క కూడా ఉంటుంది, ‘కాలిక్యులేటెడ్ ఆన్ ద బేసిక్ వేజ్’ అని. దానికి సొంతంగా కర్త లేదు, క్రియారూపం కూడా పూర్తిది కాదు. చూడ్డానికి తోక. నెలకు మొత్తం 1,800 దిర్హామ్‌లు వస్తూ అందులో బేసిక్ 1,000 అయితే, ఏడాదికి గ్రాట్యుటీ 1,260 కాదు, 700. ఆ తోక ఏడాదికి 560 దిర్హామ్‌ల తేడా తెచ్చింది.

రాత్రి ఓవర్‌టైమ్ సంగతీ అంతే. మామూలు ఓవర్‌టైమ్‌కు గంట జీతం మీద కనీసం 25 శాతం ఎక్కువ, రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 4 మధ్య అయితే కనీసం 50 శాతం ఎక్కువ ఇవ్వాలి. ఇది క్యాంపుల్లో అందరికీ కంఠతా వచ్చు. ఆ వెంటనే ఉన్న మినహాయింపు చాలామందికి తెలియదు. షిఫ్టుల పద్ధతిలో పనిచేసేవాళ్లకు ఆ 50 శాతం మాట వర్తించదు. నైట్ షిఫ్ట్ సెక్యూరిటీ గార్డులు ఈ 50 శాతం కోసం ఫిర్యాదు టైపు చేయమని వచ్చినప్పుడు, ముందు ఆ మినహాయింపు వాక్యం చదివి వినిపిస్తాను. తర్వాతే టైపు చేయాలా వద్దా అన్నది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది నౌన్ క్లాజ్. ఉద్యోగం మానేటప్పుడు ఒక కాగితం మీద సంతకం తీసుకుంటారు. ‘ద ఎంప్లాయీ అక్నాలెడ్జెస్ దట్ హీ హాజ్ రిసీవ్డ్ ఆల్ హిస్ డ్యూస్’. ఇందులో ప్రధాన వాక్యం చాలా చిన్నది, ఉద్యోగి ఒప్పుకుంటున్నాడు అని మాత్రమే. ఏమని ఒప్పుకుంటున్నాడో అదంతా ‘దట్’ తర్వాత ఉంది: తనకు రావాల్సిందంతా ముట్టింది అని. తెలుగులో మనం ‘అని’ అంటామే, ఆ ‘అని’కి ముందున్నదంతా ఇక్కడ ‘దట్’కు తర్వాత ఉంటుంది. డబ్బు చేతికి రాకముందే సంతకం చేస్తే, రాని డబ్బును వచ్చిందని మన నోటితో మనమే చెప్పినట్టు. అక్నాలెడ్జ్‌మెంట్ అంటే కాగితం అందినట్టు చేసే సంతకం అనుకుని సంతకం పెట్టినవాళ్లను చూశాను. ఇప్పుడు నేను ఎవరికి చదివినా ‘దట్’ దగ్గర ఆగి, ఆ తర్వాతది విడిగా చదువుతాను. “ఈ మాట నిజమేనా? ముట్టిందా?” అని అడుగుతాను.

వాక్యాల్లో రకాలు అని ఇంకో పాఠం ఉంటుంది. డిక్లరేటివ్, ఇంటరాగేటివ్, ఇంపరేటివ్, ఎక్స్‌క్లమేటరీ. ఏదైనా చెబితే మొదటిది, అడిగితే రెండోది, ఆజ్ఞాపిస్తే మూడోది, ఆశ్చర్యపడితే నాలుగోది. పరీక్షకు ఇంత చాలు. ఒప్పందాల్లో ఈ లెక్క కుదరదు. అక్కడ వాక్యాలన్నీ పైకి డిక్లరేటివ్‌గా, ఏదో సమాచారం చెబుతున్నట్టు ఉంటాయి. లోపల చూస్తే ఆజ్ఞలు. ‘షల్’ ఉంటే చేసి తీరాలి. ‘మే’ ఉంటే చేయవచ్చు, చేయకపోవచ్చు, ఆ ఇష్టం కర్త స్థానంలో ఉన్నవాడిది. ‘మే నాట్’ ఉంటే చేయకూడదు. ‘ద కంపెనీ మే ప్రొవైడ్ ఎకామడేషన్’ అన్న వాక్యం చూసి గది ఇస్తారని చెప్పడం తప్పు. ఇవ్వవచ్చు అని మాత్రమే ఉంది. పాసివ్ వాయిస్‌లో ఇంకో చిక్కు. ‘మే బి టెర్మినేటెడ్’ అంటారు. ఎవరు? ‘బై’ అని వెనకాల కర్త లేకపోతే ఆ ప్రశ్నకు కాగితంలో జవాబు లేదు. జవాబు లేనిచోట సంతకం పెట్టేముందు అడగాలి.

ఉపవాక్యం దేనికి అతుక్కుందో తేల్చుకోవడం పెద్దపెద్ద కంపెనీలకే కష్టమైన సందర్భాలున్నాయి. కెనడాలో రోజర్స్, అలయంట్ అనే టెలికాం సంస్థల మధ్య కరెంటు స్తంభాల వాడకం గురించి ఒక ఒప్పందం ఉండేది. అది 5 ఏళ్లు అమల్లో ఉంటుంది, ఆ తర్వాత ఐదేసి ఏళ్ల చొప్పున పొడిగింపు ఉంటుంది, ఏడాది ముందు నోటీసిచ్చి రద్దు చేసుకుంటే తప్ప. ఈ ‘తప్ప’, అంటే ఇంగ్లిష్ ‘అన్‌లెస్’ ఉపవాక్యం, పొడిగింపుకు మాత్రమేనా, మొదటి 5 ఏళ్లకు కూడానా? దానికి ముందున్న ఒక కామాను బట్టి రెండింటికీ వర్తిస్తుందని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ 2006లో తేల్చింది. లక్షల డాలర్ల తేడా. తర్వాత అదే ఒప్పందం ఫ్రెంచి ప్రతిని చూశారు. అందులో ఈ సందిగ్ధం లేదు. 2007లో నిర్ణయం తిరగబడింది. లాయర్లు రాసి, లాయర్లు చదివిన వాక్యంలోనే ఒక ఉపవాక్యం ఎటు వాలుతుందో తేలకపోతే, రాత్రి పదింటికి క్యాంపులో ఫోను టార్చి వెలుగులో చదివే కుర్రాడి సంగతి ఏమిటి?

ఆ కేసు చెప్పే ఇంకో పాఠం కూడా ఇక్కడ పనికొస్తుంది. మన చేతిలో ఉన్న ఇంగ్లిష్ చాలాసార్లు అనువాదం. ఎమిరేట్స్ చట్టాల మూలం అరబిక్. దుబాయ్, అబుదాబి ఫైనాన్షియల్ సెంటర్ల కోర్టులు ఇంగ్లిష్‌లో నడుస్తాయి గానీ, కార్మికుల వివాదాలు వెళ్లే మామూలు కోర్టుల భాష అరబిక్. 2019 ఫిబ్రవరిలో అబుదాబి న్యాయ విభాగం తన కోర్టుల్లో ఫిర్యాదు పత్రాలకు అరబిక్, ఇంగ్లిష్‌లతో పాటు హిందీని మూడో భాషగా చేర్చింది. అది మనవాళ్లకు మంచి ఆసరా. 2016 నుంచి ఆఫర్ లెటర్ కూడా అరబిక్, ఇంగ్లిష్ పక్కన కార్మికుడికి అర్థమయ్యే మరో భాషలో ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. హిందీ, ఉర్దూ, మలయాళం, తమిళం అందులో ఉన్నాయి. నేను చూసిన జాబితాలో తెలుగు కనిపించలేదు. కాబట్టి హిందీ బాగా చదవలేని మన కుర్రాడు ఇంగ్లిష్ వాక్యం మీదే ఆధారపడతాడు. అతనికి నేను చదివి చెబుతున్నానంటే ఎంత బరువు మోస్తున్నానో ఆ జగిత్యాల కుర్రాడి తర్వాతే నాకు తెలిసింది.

ఇప్పుడు నేను చదివే పద్ధతి చెబుతాను. ఎవరైనా చేయగలిగినదే. మొదట పెన్సిల్ తీసుకుని మలుపు మాటల చుట్టూ సున్నా చుడతాను. ఇఫ్, వేర్, అన్‌లెస్, ప్రొవైడెడ్ దట్, ఎక్సెప్ట్, సబ్జెక్ట్ టు, నాట్‌విత్‌స్టాండింగ్, హూ, విచ్, దట్. అంకెల వైపు చూడను. తర్వాత షల్, మే, మస్ట్ ఉన్న క్రియల కింద గీత గీసి, ప్రతి క్రియకూ కర్త ఎవరో పైన రాస్తాను, ఉద్యోగి అనో కంపెనీ అనో. గీతలు ఎన్ని ఉంటే అన్ని బాధ్యతలు, హక్కులు ఆ పేరాలో ఉన్నట్టు. ఆ తర్వాత సున్నా చుట్టిన ప్రతి ముక్క నుంచి అది పనిచేసే క్రియకు ఒక గీత లాగుతాను. ఎటు లాగాలో తేలకపోతే అక్కడ ప్రశ్న గుర్తు పెడతాను. అంకెలు చివర్లో చదువుతాను, ఒక్కో అంకె పక్కన ‘ఎవరికి, ఏ సందర్భంలో’ అని తెలుగులో రాస్తాను.

ఇదేమీ కొత్త విద్య కాదు. చట్టపు వాక్యం ఏ ముక్కలతో కూడి ఉంటుందో 1840లలోనే జార్జ్ కూడ్ అనే ఇంగ్లిష్ న్యాయవాది విడమరిచి చెప్పాడు. ఏ సందర్భంలో, ఏ షరతు మీద, ఎవరు, ఏం చేయాలి. ఈ నాలుగూ విడివిడిగా కనిపించేదాకా వాక్యం చదివినట్టు కాదు. మా కుర్రాడి కాగితాన్ని ఇలా చదివి ఉంటే సందర్భం అన్న గడిలో ‘దేశం వదిలితే’ అని నా చేత్తోనే రాసేవాణ్ణి. అది రాశాక 14 అన్న అంకె నన్ను మోసం చేయగలిగేది కాదు.

ఇంకో అలవాటు చేసుకున్నాను. ఇంగ్లిష్ వాక్యాన్ని తెలుగులోకి మార్చి ఎదుటివాడికి చెప్పేటప్పుడు షరతును ముందు పెడతాను, సమాపక క్రియను చివర్లో ఉంచుతాను. ‘నువ్వు ఈ దేశం వదిలి ఇంటికి వెళ్లిపోవాలనుకుంటే, 14 రోజుల ముందు చెప్పాలి.’ ఇలా చెబితే అతనే అంటాడు, “నేను ఇంటికి పోతలేనన్నా, అబుదాబికి పోతున్న” అని. మన భాషలో సహజంగా చెబితే తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. అంకె ఒక్కటే చెబితే పట్టుకునేవాడు ఉండడు. అన్‌లెస్ వచ్చినచోట మరీ జాగ్రత్త. దానిలోనే ‘కాకపోతే’ ఉంది. మనవాళ్లు ఇంకో ‘నాట్’ తగిలించి అర్థం తలకిందులు చేస్తుంటారు. ‘ఉంటే తప్ప’ అని తెలుగులో ఒకసారి పైకి చెప్పి చూసుకుంటే సరిపోతుంది.

తేలనిదాన్ని తేలినట్టు చెప్పడం మానేశాను. ప్రశ్న గుర్తు ఉన్న కాగితాన్ని మానవ వనరులు, ఎమిరటైజేషన్ మంత్రిత్వ శాఖ సలహా విభాగానికి గానీ, భారత కాన్సులేట్‌కు అనుబంధంగా ఉన్న ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి గానీ చూపించమని పంపుతాను. మన టైపింగ్ సెంటర్లకు గిరాకీ పోతుందని కొందరంటారు. ఒకడి జీతం పోవడం కన్నా ఒక ఉత్తరం గిరాకీ పోవడం మేలు.

మన దేశంలో ఒక ఏర్పాటు ఉంది. పదో తరగతి పాసు కానివాళ్లకు సాధారణంగా ఈసీఆర్, అంటే వలస తనిఖీ అవసరమైన పాస్‌పోర్టు ఇస్తారు. వాళ్లు యూఏఈతో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే 1983 వలస చట్టం కింద అనుమతి తీసుకోవాలి. వాళ్లకోసం ప్రయాణానికి ముందు ఒకరోజు శిక్షణ ఉంటుంది. పది పాసైనవాళ్లకు ఆ అనుమతి అక్కర్లేదు. పది చదివినవాడు తన బాగోగులు తాను చూసుకోగలడన్న నమ్మకం ఆ ఏర్పాటు వెనక ఉంది. ఆ నమ్మకం నిలబడాలంటే పదో తరగతిలో నేర్పే ఇంగ్లిష్ వ్యాకరణం ఆ పని చేయగలగాలి. మా కుర్రాడు పది పాసయ్యాడు, ఐటీఐ పాసయ్యాడు. నేను డిగ్రీ చదివాను. ఇద్దరం కలిసి ఒక్క ‘వేర్’ను చదవలేకపోయాం.

అందుకే బడుల్లో ఇంగ్లిష్ చెప్పే మాస్టార్లకూ టీచరమ్మలకూ నా మనవి. క్లాజుల పాఠం వచ్చినప్పుడు ఒక అద్దె ఒప్పందమో, ఒక ఆఫర్ లెటరో, బ్యాంకు లోను షరతుల కాగితమో తెచ్చి పిల్లల ముందు పెట్టండి. పేర్లు తర్వాత చెప్పొచ్చు. ఈ వాక్యం ఎవరిని కట్టేస్తోంది, ఎప్పుడు, ఏది జరిగితే వదిలేస్తుంది అని అడగండి. అదే ప్రశ్నను తెలుగు పిరియడ్‌లో చేదర్థకం, అప్యర్థకం దగ్గర కూడా అడగొచ్చు. రెండు భాషల వ్యాకరణాలూ ఒకదానికొకటి దారి చూపుతాయి. గల్ఫ్‌లో తెలుగు సంఘాలు పండుగలు ఎంతో బాగా చేస్తాయి. ఆ సభల్లో ఒక గంట ఈ చదువుకు కేటాయిస్తే, పెన్సిళ్లూ కాగితాలూ నేను తెస్తాను.

ప్రయాణానికి సిద్ధంగా ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక్క మాట. సంతకానికి ముందు మీ కాగితంలో ఉన్న ప్రతి అంకె పక్కన, అది ఎవరికి, ఏ షరతు మీద అన్నది మీ చేత్తో తెలుగులో రాయండి. రాయలేని అంకె ఒక్కటి మిగిలినా ఎవరినైనా అడగండి. చదివిపెట్టేవాడు నాలాంటివాడైతే, ఆ గీతలు గీయించి మరీ చదివించుకోండి. అలా అడిగే హక్కు మీకుంది. గీసి చూపించాల్సిన బాధ్యత మాది.